కప్పల జాతరకు నేను, మీ బావ

చెల్లే, వానలు మొదలైనంక వచ్చే తొలి ఆదివారం మీరిద్దరు ఎటు పోతరు? సినిమాకు పోతరు, లేకుంటే ఇంట్లనే మిరపకాయ బజ్జీలు చేసుకొని టీవీ ముందట కూసుంటరు. తప్పేం లేదు. కానీ ఈసారి నా మాట విని, ఒక్క పొద్దు మీ ఆయనను ఎంబడి పెట్టుకొని కప్పలు, పాములు, తొండలు చూడబో. "అక్కకేమైంది, మంచిగనే ఉండె గదా" అని నవ్వుతున్నవ్. నవ్వు. నవ్వుడు అయినంక విను.

మొగుడు పెండ్లాలు బయటికి పోతే ఇల్లు గూడ మనెంబడే వస్తది, చూసినవా? హోటల్ల కూసున్నా పిల్లల ఫీజులు, అత్తమ్మ బీపీ గోలీలు, ఆడబిడ్డ కొడుకు సంబంధం, ఇవే ముచ్చట్లు. కప్పల దగ్గర ఆ ఆట సాగదు. మన అలికిడికి కప్ప నోరు మూస్తది, అడుగుల అదురుకు పాము జారుకుంటది. అందుకే ఇద్దరు గొంతులు తగ్గించాలె, కాలు నెమ్మదిగ పెట్టాలె. ఒకరు చూసింది ఇంకొకరికి సైగతోనే చెప్పాలె. పెండ్లయి ఇన్నేండ్లయినంక మీ బావ, నేను ఒక పూటంత మాటల్లేకుండ కలిసి ఉన్నది, మధ్యల అలుక లేకుండ ఉన్నది, ఆ రోజే.

ఇంకోటి చెప్త, గర్వంగ చెప్త. ఈ పనిల మొగోళ్లకన్న మన కండ్లే ముందు. ఏండ్లకేండ్లు చాటల బియ్యం పోసుకొని, తెల్ల గింజలల్ల తెల్ల రాయి ఏరిన కండ్లు ఇవి. ఎండుటాకులల్ల ఎండుటాకు రంగున్న కప్ప ఈ కండ్లను తప్పించుకొని ఎక్కడికి పోతది? మీ బావ మెడల దుర్బిణి ఏసుకొని చెట్ల కొసలు చూసుకుంట పోతుంటే, నేను ఆయన చెప్పు పక్కన కూసున్న కప్పను చూపించిన.

మేం పోయింది ఆరుద్ర కార్తెల. తొలి వానలు పడి, చేన్లల్ల ఎర్ర ముఖమల్ అసొంటి ఆరుద్ర పురుగులు తిరిగే రోజులు. డబ్బాల పులిహోర, సర్వప్ప కట్టుకొని పొద్దుగాల్నే కరీంనగర్ల బయలెల్లినం. చొప్పదండి, ధర్మారం, వెల్గటూరు మీదుగ రాయపట్నం వంతెన దాక ఒకటే తొవ్వ.

మన కరీంనగర్ చుట్టుముట్టు గుట్టలు ఎన్నున్నయో నీకెరుకే. ఎలగందుల ఖిల్లా, మొలంగూరు గుట్ట, అటు మంథని తొవ్వల రామగిరి. ఈ బండల మీద ఒక తీరు తొండ ఉంటది, రాతి తొండ అనుకో. మామూలు రోజులల్ల బండ రంగే దాని రంగు. జత కట్టే కాలం వస్తే మొగదాని వీపు ఎర్రగనో పసుప్పచ్చగనో మెరుస్తది, పక్కలు నల్లగైతయి. బండ కొసన ఎక్కి తలకాయ కిందికి మీదికి ఊపుతది. పక్క మొగ తొండకు అది బెదిరింపు, ఆడ తొండకు పిలుపు. ఆడది మాత్రం బండల కలిసిపోయి, సింగారమంత నువ్వే చేసుకో అన్నట్టు చూస్తుంటది. మేం రోడ్డు పక్క గుట్ట కింద బండి ఆపి మస్తుసేపు చూసినం.

అదే గుట్టకు ఇంకో పక్క క్వారీ ఉన్నది. మన గుట్టలనే కోసి గ్రానైట్ పలకలు చేసి దేశదేశాలకు పంపుతున్నరు. "టాన్ బ్రౌన్" అని వంటింటి గట్టుకు ఏసుకుంటరు చూడు, ఆ గోధుమ వన్నె రాయికి పుట్టినిల్లు మన కరీంనగరే. మన వంటింటి గట్టు ఒకప్పుడు ఎవరి ఇల్లో అని ఆలోచన వచ్చింది. గ్రానైట్ వద్దంటలేను, మా ఇంట్ల గూడ ఉన్నది. కాకుంటే ఉన్న గుట్టలన్ని పలకలైతే తొండ యాడికి పోవాలె?

మన పెరట్ల చెట్ల మీది తొండ ఉంటది గదా, అది గొంతు ఎర్రగ చేసుకుంటే "నెత్తురు పీలుస్తున్నది" అని పిల్లలు రాళ్లేస్తరు. నెత్తురూ లేదు, పీల్చుడూ లేదు. అది తినేది చీమలు, పురుగులు. ఆ ఎరుపు గూడ ఆడదాని కోసం చేసుకున్న ముస్తాబే. ఈ ఒక్క ముచ్చట మీ పిల్లలకు చెప్పు, నాలుగు తొండలు బతుకుతయి.

రాయపట్నం కాడ గోదారి దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. 2016ల ఆ జిల్లా నాలుగు ముక్కలైంది గని మా నోట్లకు ఇంకా ఆదిలాబాదే వస్తది. లక్సెట్టిపేట మీదుగ జన్నారం పోతే కవ్వాల అడవి. 1965ల అభయారణ్యం అయింది, 2012ల పులుల రిజర్వు అయింది. వానకాలంల అడవి లోపల సఫారీ బందు పెడ్తరు. పర్మిషన్ లేకుండ లోపలికి అడుగు పెట్టుడు తప్పు. మనకు ఆ అవసరమూ లేదు. రోడ్డు పక్క మోరీ, చెరువు కట్ట, పొలం గెట్టు, ఇవి చాలు మనకు.

ఒక చెరువు కట్ట మీద ఉడుము ఎండకు కూసున్నది. మొగులు విచ్చి కొంచెం ఎండ వచ్చింది, దాన్ని ఒళ్ళంత పట్టుకుంటున్నది. వీటికి ఒంట్ల మంట పుట్టించుకునే శక్తి మనంత ఉండదు, ఎండే వాటి పొయ్యి. నాలిక బయటికి తీస్తే పాము నాలిక తీరు రెండు చీలికలు. గాలిల వాసనను ఆ నాలికతోనే నోట్లకు తెచ్చుకొని పసిగడుతది. మీ బావ ఫోన్ తీసేసరికి అది కట్ట దిగి బొరియల పడ్డది.

ఈ ఉడుము గురించి నీకొక ముచ్చట చెప్పాలె, ఎందుకంటే ఇది మన ఆడోళ్ల పూజ అర్రల దాక వచ్చిన ముచ్చట. "హత్తా జోడి" అని అమ్ముతరు, రెండు చేతులు జోడించినట్టు ఉంటది. చెట్టు వేరు అంటరు, బీరువాల పెట్టుకుంటే పైసలు నిలుస్తయి అంటరు. అది చెట్టు వేరు కాదు చెల్లే. మొగ ఉడుము మర్మాంగం కోసి ఎండబెట్టింది. ఆన్‌లైన్ల గూడ అమ్ముతున్నరని 2017ల పెద్ద గోలైంది. కుంకుమ పెట్టి దండం పెట్టేది దేనికో తెల్సినంక ఎవరన్న కొంటరా? వన్యప్రాణి చట్టంల పులి ఏ షెడ్యూల్ల ఉన్నదో ఉడుము గూడ అదే షెడ్యూల్ల ఉన్నది. రెండు తలల పాము కథ గూడ ఇసొంటిదే. దానికున్నది ఒకటే తల, తోక మొద్దుగ ఉండి తల తీరు కనవడుతది, గంతే. అది ఇంట్ల ఉంటే లచ్చిమి వస్తదని లక్షలకు బేరం పెట్టి ఎందరో జైలుకు పోయిన్రు. లచ్చిమి మాత్రం రాలే.

జన్నారం దిక్కు పోయినోళ్లు కలమడుగు కాడ గోదారి చూడకుండ రావద్దు. అక్కడ హస్తినమడుగు ఉన్నది. మెస్రం వంశపు గోండులు తమ పాము దేవుడు నాగోబాకు కేస్లాపూర్ల చేసే జాతరకు గంగాజలం తీసుకుపోయేది ఈ మడుగు నుంచే. చెప్పుల్లేకుండ, అడవుల పొంటి, ఊరూరు ఆగుకుంట ఇంద్రవెల్లి మండలంల ఉన్న కేస్లాపూర్ దాక నడుస్తరు. పుష్య అమావాస్య రాత్రి మహాపూజ. 1940లల్ల మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్ దొర ఆ జాతరల మొదలువెట్టిన, ఆదివాసుల గోడు వినే దర్బారు ఇప్పటిదాక నడుస్తున్నది. మెస్రం వాళ్లు సొంత పైసలు పోగేసుకొని కట్టుకున్న కొత్త రాతి గుడి 2022 డిసెంబర్ల తెరిచిన్రు.

నాకు ఆ జాతరల అన్నిటికన్న ఇష్టమైంది భేటింగ్. మెస్రం ఇంటికి కొత్తగ వచ్చిన కోడండ్లను తెల్ల చీరలు కట్టించి, కొంగు ముఖం మీదికి కప్పి, నాగోబా ముందటికి తోలుకపోతరు. పెద్దలు దేవునికి కోడలిని ఎరుక చేస్తరు. అది అయ్యేదాక ఆమెకు ఆ వంశంల, ఆ పూజలల్ల పూర్తి చోటు రాదు. అదే జాతరల మెస్రం ఆడబిడ్డలు, అల్లుండ్లు కలిసి కొత్త కుండలల్ల నీళ్లు తెచ్చి, మన్ను తడిపి పుట్టలు చేస్తరు. ఆలోచించు. మనల్ని అత్తగారింటికి పంపేటప్పుడు "పెరట్ల పాములుంటయి, అటు పోకు" అని పంపిన్రు. అక్కడ కోడలు వచ్చుడు వచ్చుడే పామును పలకరిస్తది, ఆ పాము ఇంటి పెద్ద. భయపడేదాన్ని ముందుగాల ఎరుక చేసుకొమ్మని చెప్పిన తీరు నాకు మస్తు నచ్చింది.

అట్లని పాములన్ని దేవుళ్లే, చేత్తోని ముట్టుకో అంటలేను. భయం ఉండాలె, కానీ గుడ్డిది కావద్దు.

మాకు ఆ రోజు దొరికిన పాము జెర్రిపోతు. పొలం గెట్టు మీద పొడుగ్గ, గోధుమ రంగుల, నిమ్మలంగ పోతున్నది. మీ బావ నా చెయ్యి పట్టి "నాగుపాము!" అన్నడు. పడగ లేదు, మూతి సన్నం, కండ్లు పెద్దయి, తోక దిక్కు నల్లటి గీతల అల్లిక. విషం లేదు. ఎలుకలు దాని బువ్వ. రైతుకు జీతం లేని పాలేరు అది, కానీ నాగుపామనుకొని ఎక్కువ సంపేది దాన్నే. ఇంకో ముచ్చట విని నవ్వకు. రెండు జెర్రిపోతులు మెలికలు తిరిగి సగం లేచి ఆడుతుంటే పాముల సయ్యాట అని, ఆలుమగలు చూస్తే మంచిదని, మీద కొత్త బట్ట ఏస్తరు గదా? అవి చానాసార్లు ఆలుమగలు కానే కావు, రెండు మొగ పాముల కుస్తీ. ఎవడు ఎవడి తలను కిందికి వంచుతడు అని. ఓడినోడు పోతడు, గెల్చినోడు ఆడదాని కోసం ఉంటడు. కాట్లాడుకునుడు గూడ ఉండదు. మీ బావకు చెప్తే, "మన కాలనీ మీటింగుల కన్న నయం" అన్నడు.

ఇప్పుడు మాత్రం నవ్వు పక్కన పెట్టి విను. మన దిక్కు మనుషులను ఎక్కువ సంపే పాములు నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. 2000 నుంచి 2019 దాక మన దేశంల పాము కాటుకు సుమారు 12 లక్షల మంది పోయిన్రని, అంటే సగటున ఏడాదికి 58 వేలని 2020ల అచ్చయిన ఒక అధ్యయనం తేల్చింది. ఎక్కువ చావులున్న రాష్ట్రాలల్ల మన తెలుగు నేల గూడ ఉన్నది. సగం చావులు జూన్ నుంచి సెప్టెంబర్ లోపలనే. నాట్లేసే కాలం, కలుపు తీసే కాలం, పొద్దుమూకినంక కొట్టంల గడ్డి తీసే కాలం. ఆ పనులు చేసే చేతులు ఎవరియి చెల్లే? మనయే.

కట్లపాముది ఇంకో తీరు. అది రాత్రి తిరుగుతది, కింద పండుకున్నోళ్ల దగ్గరికి వస్తది. కాటు నొప్పి గూడ సరిగ తెల్వదు, వాపు ఉండదు. తెల్లారేసరికి కడుపుల నొప్పి, కండ్ల రెప్పలు వాలుడు, మాట తడబడుడు. "ఏదో పడలేదు" అనుకొని వాము నీళ్లు తాపిచ్చుకుంట కూసుంటే పాణం పోతది. అందుకే వానకాలంల మంచం మీద పండుకోవాలె, దోమతెర అంచులు పరుపు కిందికి దోపాలె, రాత్రి వాకిట్లకు పోతే చేతిల టార్చి ఉండాలె.

కాటు పడ్డదనుకో. కోసుడు, పీల్చుడు, తాడుతోని బిగించి కట్టుడు, పసరు పోయించుడు, ఏదీ చెయ్యొద్దు. కాటు పడ్డ చెయ్యో కాలో కదలకుండ కట్టెపుల్ల ఆసరాతోని పట్టి ఉంచాలె. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు, మెట్టెలు, పట్టీలు తీసెయ్యాలె. మెట్టె తీస్తే అశుభం అని ఆగొద్దు, వాచినంక ఆ మెట్టెనే ఏలుకు ఉరైతది. 108కి ఫోన్ చేసి సర్కారు దవాఖానకు పోవాలె. ఈ నాలుగు పాములకు పనిచేసే విరుగుడు మందు ఒక్కటే, కాబట్టి పామును సంపి మూటగట్టుకొని పోవుడు అక్కెర లేదు. ఆ ఎతుకులాటల ఇంకొకరికి కాటు పడ్తది. ఇంట్లకు పాము వస్తే గూడ కట్టె తియ్యకు, అటవీశాఖోళ్లకు ఫోన్ చెయ్యి. అది పోయే దిక్కు కనిపెట్టుకుంట దూరంగ నిలబడు.

ఇగ పొద్దుమూకినంక మేం ఎందుకోసం పోయినమో అది మొదలైంది. లక్సెట్టిపేట దిక్కు మళ్లివచ్చి, ఒక ఊరి కుంట కాడ ఆగినం. ముందురోజు రాత్రి గట్టి వాన పడ్డది. బండి ఇంజన్ బందు పెట్టంగనే చెవులు నిండినయి.

బోదురుకప్పలు. ఏడాదంత పాచి రంగుల, ఎవరికీ పట్టనట్టు ఉండే మొగ కప్పలు, తొలి గట్టి వానకు పసుపు పూసుకున్న పెండ్లి కొడుకులైతయి. ఒళ్ళంత నిమ్మపండు పసుపు, గొంతుకు రెండు పక్కల నీలిరంగు బుడగలు. ఆ బుడగలు ఉబ్బించి కుంట దద్దరిల్లేటట్టు అరుస్తయి. ఒకదాన్నొకటి తోసుకుంటయి, మీద పడ్తయి. ఆడ కప్ప పెద్దది, రంగు మార్చుకోదు, గట్టున కూసొని వింటది. ఈ సంబురం ఎక్కువ రోజులు ఉండదు. పసుపు దిగిపోతది, మళ్ల పాత పాచి రంగు. మీ బావ నా చెవిల "మన పెండ్లి ఫోటోలు గుర్తొస్తున్నయి" అన్నడు. నేను గూడ అదే అనుకుంటున్న.

ఆ గోల నడుమ ఇంకో గొంతు. టార్చి వంచి చూస్తే గుండ్రంగ ఉబ్బి, పొట్టి కాళ్లు, చిన్న మూతితోని ఒక కప్ప. బెలూన్ కప్ప అంటరు. ఇది ఏడాదిల చానా నెలలు భూమి లోపలనే ఉంటది. ఎనుక కాళ్లతోని మన్ను తోడుకుంట ఎనుకకే దిగిపోతది. చెదలు, చీమలు దాని తిండి. వానకు ఒక్కపారి బయటికొచ్చి, జత కట్టి, గుడ్లు పెట్టి మళ్ల మన్నుల పడ్తది. ఒడ్డున తుమ్మ కొమ్మకు తెల్లటి నురగ ముద్ద ఏలాడుతున్నది. ఎవరో సబ్బు నురగ ఏసిన్రనుకునేవు. అది చెట్టుకప్ప కట్టిన గూడు. ఆడది ఎనుక కాళ్లతోని చిలికి చిలికి నురగ తీసి, అండ్ల గుడ్లు పెడ్తది. పిల్లలు లేచే యాళ్లకు నురగ కరిగి, కింద నీళ్లల్ల టపటప పడ్తయి. బాత్రూం గోడకు అంటుకొని మనల్ని కెవ్వుమనిపించేది గూడ ఈ చెట్టుకప్పనే.

వానలు ఎనుకపట్టు పడితే మన ఊర్లల్ల కప్పతల్లి ఆట ఆడుతరు, యాది ఉన్నదా? రోకలికి కప్పను కట్టి, యాపమండలు చుట్టి, ఇల్లిల్లు తిప్పుతరు. మనం బిందెతోని నీళ్లు పోస్తం. కప్పకు, వానకు సుట్టరికం మనోళ్లకు పుస్తకాలు రాకముందే ఎరుక. కాకుంటే ఇప్పుడు మన్నుతోని చేసిన కప్పను కట్టి ఆడినా వానదేవుడు అలగడు. నిజం కప్పలకు మన చేన్ల పురుగుమందులే చాలు. ఒకప్పుడు మన దేశం నుంచి వేల టన్నుల కప్ప కాళ్లు బయటి దేశాల హోటళ్లకు పోయేటియి. పురుగులను తినే కప్పలు పోతే పొలం గతేందని జనం లొల్లి పెట్టంగ పెట్టంగ 1987ల ఆ ఎగుమతి బందు చేసిన్రు. ఆ రోజు ఆ కుంట కాడ కూసొని విన్నోళ్లు ఎవరైనా ఆ సంతకానికి దండం పెడ్తరు.

మీకు వానకాలం కుదరకుంటే చలికాలం పోండి. మంథని మండలం ఖానాసాయిపేట, అవతలి ఒడ్డున జైపూర్ మండలం శివ్వారం, ఈ రెంటి నడుమ గోదారిల ఎల్ మడుగు ఉన్నది. మొసండ్ల కోసమే 1978ల శివ్వారం అభయారణ్యం పెట్టిన్రు. చలి పొద్దున ఎండ కోసం అవి బండల మీదికి వస్తయి. ఒడ్డు మీదనుంచే చూడు, నీళ్లల్ల చెయ్యి పెట్టకు, మీ ఆయనను సెల్ఫీకి అంచుకు పోనియ్యకు.

ఈ నేల మీద ఈ జీవాలు మనకంటే ఎంత పాతవో తెల్సా? పాత ఆదిలాబాద్ జిల్లా మలేరి పొరలల్ల 20 కోట్ల ఏండ్లు దాటిన పెద్ద ఉభయచరం ఎముకలు దొరికినయి. 2018ల దానికి పాంథాసారస్ మలేరియెన్సిస్ అని పేరు పెట్టిన్రు. యామనపల్లి కాడ దొరికిన రాకాసిబల్లికి 1988ల యాదగిరి అనే మన శాస్త్రవేత్త కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అని పేరు పెట్టిండు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్ల నిలబెట్టి ఉన్నది. పిల్లలను అక్కడికి తోలుకపోతే "ఇది మన అమ్మమ్మోళ్ల దిక్కుదే" అని చూపియ్యి.

పోయేముందు నాలుగు మాటలు. కాలుకు బూట్లు, నిండు ప్యాంటు, చేతిల టార్చి. చీర కట్టుకొని పోకు, గెట్ల పొంటి నడుస్తుంటే కుచ్చిళ్లు ముండ్లకు పట్టుకుంటయి. బొరియల చెయ్యి పెట్టొద్దు. రాయి ఎత్తితే ఎట్లున్నదో అట్లనే పెట్టాలె, దాని కింద ఎవరిదో ఇల్లు. ఏదీ పట్టొద్దు, ఇంటికి తేవొద్దు, చట్టం గూడ ఒప్పదు. ఫోటో తీస్తే దూరం నుంచి తియ్యి, ఉడుము బొరియ ఏ చెరువు కట్ట మీద ఉన్నదో ఫేస్‌బుక్కుల రాయకు. చీకటి పడ్డంక ఆ ఊరోళ్లకు చెప్పి పో, లేకుంటే టార్చిలు పట్టుకొని తిరిగే మొగుడు పెండ్లాలను దొంగలనుకుంటరు. మమ్మల్ని ఒక పెద్దమనిషి ఆపి అడిగిండు. కప్పలు చూస్తున్నం అంటే నమ్మలే. కూసోబెట్టి టార్చి కొట్టి చూపిస్తే, "ఏండ్ల సంది వింటున్న గని ఎన్నడు చూడలే" అని ఆయన గూడ గట్టు మీద కూసున్నడు, ఇంటిదాన్ని గూడ పిలిపించిండు.

ఇగ నీ వంతు. మొగులు పట్టి గట్టి వాన పడ్డ మర్నాడు, మీ ఊరి కుంట కాడికి పొద్దుమూకినంక ఇద్దరు పోండి. ఏ కప్ప ఎట్ల అరిచిందో, ఏది కనవడ్డదో నాకు ఉత్తరం రాయి. ముందుగాల చూసింది నువ్వా, మరిదిగారా అన్నది గూడ దాచకుండ రాయి. నా పందెం మాత్రం నీ దిక్కే.